కంట్లో పువ్వు పడకముందే

మధ్యాహ్నం ఎండలో జొన్న చేను కోస్తున్న మనిషికి ఆకు అంచు కంట్లో చీరుకుంటుంది. ఒక్క క్షణం ప్రాణం జిల్లుమంటుంది. బొటబొటా నీళ్ళు కారతాయి. కొంగుతోనో తువ్వాలుతోనో తుడుచుకుని, ఇంకా నాలుగు సాళ్ళే కదా అని మళ్ళీ కొడవలి పట్టుకుంటారు. సాయంత్రానికి కన్ను ఎర్రబడుతుంది. రాత్రంతా ఇసుక పోసినట్టు గరగర. తెల్లారేసరికి కాస్త తెరిపిచ్చినట్టే ఉంటుంది. మనుషులు మోసపోయేది ఆ తెరిపి దగ్గరే. నాలుగో రోజో ఐదో రోజో అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లమచ్చ కనిపిస్తుంది.

దాన్ని మన పల్లెల్లో ‘పువ్వు’ అంటారు. కంట్లో పువ్వేసింది, పువ్వు పడింది అంటారు. మదురై, కోయంబత్తూరు వైపు తమిళులు కూడా ‘పూ’ అనే అంటారు. నల్లగుడ్డు మీద తెల్లగా విచ్చుకున్నట్టు ఉంటుంది కాబట్టి ఆ పేరు. పేరు సరిగ్గానే పెట్టారు గానీ ఒక చిక్కుంది. పువ్వనేది జబ్బు ముగిశాక మిగిలే మచ్చ. అంతకుముందు అక్కడ పుండు ఉంటుంది. పుండుకు ముందు చిన్న గీత ఉంటుంది. గీత దగ్గర పట్టుకుంటే రూపాయల ఖర్చుతో పోయేది, పుండు దగ్గరికి వచ్చేసరికి నెలల వైద్యం అవుతుంది. పువ్వు దగ్గరికి వచ్చాక చనిపోయినవారు దానంగా ఇచ్చిన కన్ను కోసం ఎదురుచూడటం తప్ప పెద్దగా చేయగలిగింది ఉండదు.

ఈ సంగతి చెప్పడానికి మదురైని మించిన చోటు లేదు. ఈ గీతనూ ఈ పుండునూ లెక్కపెట్టి, కొలిచి, మందులు సరిపోల్చి చూసిన పరిశోధనల్లో ముఖ్యమైనవి కొన్ని ఆ జిల్లా రైతుల కళ్ళ మీదే జరిగాయి. ఆ వైపు రైతుల్లో మన తెలుగువాళ్ళు తక్కువేం కాదు. విజయనగరం రాయల తరఫున విశ్వనాథ నాయకుడు 1529లో మదురై పాలన చేపట్టిన కాలం నుంచీ, కొన్ని కుటుంబాలు అంతకు ముందు నుంచీ, దక్షిణానికి తరలివెళ్ళాయి. కోవిల్‌పట్టి, ఎట్టయాపురం, సాత్తూరు చుట్టూ ఉన్న నల్లరేగడిలో పత్తి, జొన్న, సజ్జ వేసుకుని స్థిరపడ్డాయి. ఆ వలసల కథనే ఇడైసెవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో రాశారు. కోయంబత్తూరు వైపు వెళ్ళిన నాయుళ్ళు పత్తి పండించారు, మిల్లులు కట్టారు, ఆ తర్వాత మోటార్లు చేశారు. ఇళ్ళలో ఇప్పటికీ తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు రెండు చోట్లా ఉన్నాయి.

అసలు నల్లగుడ్డు నల్లగా ఉండదు. మనకు కనిపించే నలుపు లోపలిది. దాని ముందు గడియారానికి అద్దంలా ఒక పొర ఉంటుంది. అదే కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరు. ఇందులో నెత్తురు నాళాలు లేవు. ఉంటే వెలుతురు లోపలికి పోయేటప్పుడు అడ్డుపడేవి. కావలసిన ప్రాణవాయువును చాలావరకు గాలి నుంచీ కన్నీటి నుంచీ తీసుకుంటుంది.

ఆ పొరకు అద్దం గుణం ఎలా వచ్చిందన్నది నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే విషయం. తెల్లగుడ్డు, దాని మధ్యలో ఉన్న ఈ అద్దం, రెండూ ప్రధానంగా ఒకే పదార్థంతో తయారయ్యాయి. దాన్ని కొల్లాజెన్ అంటారు. అది దారంలాంటి ప్రోటీను. తెల్లగుడ్డులో ఆ దారాలు లావూ సన్నం కలగలిసి, దిక్కూ దెసా లేకుండా అల్లుకుని ఉంటాయి. అందుకే వెలుతురు చెదిరిపోయి తెల్లగా కనిపిస్తుంది. కార్నియాలో అవే దారాలు ఒకే మందంతో, ఒకే ఎడంతో, మగ్గం మీద బిగించిన పడుగులా వరస తప్పకుండా ఉంటాయి. వాటి మధ్య నీరు చేరి వరస చెడకుండా అడుగునున్న కణాలు రాత్రింబవళ్ళూ నీటిని తోడిపోస్తుంటాయి. ఆ వరస ఉన్నంత కాలం వెలుతురు సూటిగా దూసుకుపోతుంది. పుండు పడి మానితే శరీరం అక్కడ కొత్త దారం నేస్తుంది. అయితే ఆ నేతలో పాత వరస ఉండదు. అడ్డదిడ్డంగా అతుకు పడుతుంది. ఆ అతుకే పువ్వు. ఒకరకంగా చూస్తే, కంటి అద్దంలో కొంత భాగం తెల్లగుడ్డుగా మారిపోయిందన్నమాట.

ఈ అద్దానికి పైన ఐదారు వరసల కణాలతో పలచని చర్మంలాంటి పొర ఉంటుంది. అది చిరగనంత కాలం సూక్ష్మజీవులు చాలావరకు లోపలికి రాలేవు. కన్నీటిలోనూ వాటిని చంపే పదార్థాలున్నాయి. చిరిగినా భయం లేదు, చిన్న గీత అయితే పక్క కణాలు జరిగి వచ్చి ఒకటి రెండు రోజుల్లో పూడ్చేస్తాయి. అదే సమయంలో ఆకుతోబాటు వచ్చిన సూక్ష్మజీవి లోపల వేళ్ళూనాలని చూస్తుంటుంది. పైచర్మం ముందు మూసుకుంటుందా, సూక్ష్మజీవి ముందు చొరబడుతుందా అన్నదే అసలు పందెం. నెత్తురు లేని చోటు కాబట్టి శరీరం సైన్యం అక్కడికి నింపాదిగా చేరుతుంది. అందుకే మొదటి రోజు అంత విలువైనది.

ఆకుతోబాటు వచ్చేది ఎవరో రైతుకు పరిచయం చేయనక్కరలేదు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం పత్తి చేలో ఎండు తెగులు తెస్తుంది. నిన్నటిదాకా పచ్చగా ఉన్న మొక్క వాడి, తలవాల్చి, ఎండిపోతుంది. కాండం చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చార కనిపిస్తుంది. అదే జాతికి చెందిన బూజులు కంట్లోనూ పుండు పెడతాయి. ఇంకొకటి ఆస్పర్‌జిల్లస్. తడి తగిలిన వేరుశనక్కాయ మీద ఆకుపచ్చగా పట్టే బూజు ఈ కుటుంబానిదే. ఈ బూజులు మట్టిలోనూ, గడ్డిలోనూ, కుప్పనూర్పిళ్ళ దుమ్ములోనూ ఉంటాయి. మంచి ఒంటి మీద పడితే ఏమీ చేయలేవు. చిరిగిన కార్నియా మీద పడితే మాత్రం పడుగు దారాల మధ్యనే పాకిపోతాయి.

1994లో మూడు నెలల పాటు కార్నియా పుండుతో మదురై అరవింద్ కంటి ఆసుపత్రికి వచ్చిన 434 మందిని అక్కడి వైద్యులు పరిశీలించారు. దాదాపు మూడింట రెండు వంతుల మంది కంటికి దెబ్బ తగిలిన సంగతి చెప్పగలిగారు. పుండులోంచి తీసిన నమూనా పెంచి చూస్తే, ఏదో ఒకటి మొలిచిన వాటిలో బ్యాక్టీరియా వాటా ఎంతో శిలీంధ్రాల వాటా కూడా సుమారు అంతే. నూటికి 47 చొప్పున. శిలీంధ్రాల్లో దాదాపు సగం ఫ్యుజేరియమే. చల్లటి దేశాల్లో ఆసుపత్రులకు శిలీంధ్రపు పుండు అరుదుగా వస్తుంది. ఇక్కడ అది రోజువారీ సంగతి. 1996లో వెలువడిన మరో లెక్క ఇంకా కళ్ళు తెరిపిస్తుంది. మదురై జిల్లాలో అప్పట్లో ఏటా లక్షమందిలో 113 మందికి కార్నియా పుండు పడేది. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక కౌంటీలో లక్షకు 11 మందికి. పదింతల తేడా. ఆ పదింతలూ చేతిపని, ఎండ, దుమ్ము, ఆలస్యం కలిసి తెచ్చినవే.

ఈ పుండ్లకూ ఋతువుంది. తమిళనాడులో శిలీంధ్రపు పుండ్లు జులైలో ఒకసారి, జనవరిలో ఒకసారి ఎక్కువవుతాయని అక్కడి రికార్డుల్లో తేలింది. జులై అంటే తమిళుల ఆడి నెల గాలులు. జనవరి అంటే పొంగల్ కోతలు. పాలక్కాడ్ కనుమ గుండా దూసుకొచ్చే గాలి కోయంబత్తూరు మైదానం మీద గాలిమరలను తిప్పుతుంది, దుమ్మూ పొట్టూ కూడా లేపుతుంది.

ఇక ఇంటి వైద్యం సంగతి. దీని గురించి మెత్తగా చెప్పే ఓపిక నాకు లేదు, ఎందుకంటే ఇక్కడే కళ్ళు పోతున్నాయి. కన్ను ఎర్రబడగానే బాలింత పాలు పిండుతారు. ఆముదం చుక్క వేస్తారు. నందివర్ధనం పూల రసమో, ఏదో ఆకు పసరో పోస్తారు. నలుసు పడితే నాలుక కొనతో తీసే అవ్వలు ఊరికొకరు ఉంటారు, వాళ్ళ దగ్గరికి వరసకట్టి వెళ్తారు. ఆ అవ్వల ప్రేమను నేను శంకించను. కానీ ఏ ఆకు గీసుకుని కన్ను చిరిగిందో అలాంటి ఆకు నుంచే తీసిన పసరులో ఆ బూజు బీజాలే ఉండవచ్చు. నోట్లో ఉండే బ్యాక్టీరియా నాలుకతోబాటు కంట్లోకి వెళ్తుంది. పాలలో చక్కెర ఉంటుంది, కంట్లో నిలిస్తే సూక్ష్మజీవికి అది మేత. వీటన్నిటికంటే పెద్ద నష్టం వేరే ఉంది. ‘పసరు వేశాం కదా, రెండ్రోజులు చూద్దాం’ అనుకోవడంలో ఆ విలువైన రోజు కాస్తా గడిచిపోతుంది.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలు ఇంకా ప్రమాదం. చాలా ఎర్రకన్ను చుక్కల్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. వేయగానే ఎరుపు తగ్గుతుంది, నొప్పి తగ్గుతుంది, మనసు కుదుటపడుతుంది. లోపల మాత్రం శరీరం కాపలాదారులను ఆ మందు జోకొట్టేసింది కాబట్టి బూజు అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. శిలీంధ్రపు పుండు మొదట్లో, చూడటానికి కనిపించేటంత నొప్పి పెట్టదు కూడా. అందుకే నొప్పి తగ్గిందంటే జబ్బు తగ్గిందని లెక్క వేసుకోకూడదు.

మిగతా కంటి జబ్బుల్లో చాలావరకు ఇలా గంటల లెక్కన తరమవు. నలభై దాటాక దగ్గరి అక్షరం మసకబారే చత్వారానికి కళ్ళజోడు చాలు. ఆ మాటలోనే నలభై ఉంది, సంస్కృతంలో ‘చత్వారింశత్’ అంటే నలభై. శుక్లం అంటే కంటి లోపలి కటకం ముసురుపట్టడం, అది ఏళ్ళ తరబడి వస్తుంది, ఈ నెల కాకపోతే వచ్చే నెల ఆపరేషను చేయించుకున్నా సాధారణంగా చూపు తిరిగి వస్తుంది. నీటికాసులు, షుగరు వల్ల కంటి వెనకపొరకు వచ్చే జబ్బు, ఈ రెండూ చాటుగా నరాన్నీ పొరనూ తినేస్తాయి కాబట్టి నలభై దాటినవాళ్ళు, షుగరున్నవాళ్ళు ఏడాదికొకసారి పరీక్ష చేయించుకోవాలి. పుండు మాత్రం వాయిదా ఎరగదు.

శుక్లాల మీద మదురై సాధించిన విజయాన్ని లోకమంతా చెప్పుకుంటుంది. దాని వెనక ఉన్నది ఎట్టయాపురం దగ్గర వడమలాపురంలో, తెలుగు రైతు కుటుంబంలో, 1918 అక్టోబరు 1న పుట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. చిన్నతనంలో దగ్గరి బంధువులైన ముగ్గురు ఆడపడుచులు కాన్పు సమయంలో చనిపోవడం చూసి, కాన్పుల డాక్టరు కావాలనుకున్నారు. మద్రాసు స్టాన్లీ కాలేజీలో వైద్యం చదివి సైన్యంలో చేరారు. ముప్ఫయ్యేళ్ళకే తీవ్రమైన కీళ్ళవాతం పట్టుకుని వేళ్ళన్నీ వంకర్లు పోయాయి. కాన్పులు చేయడం కుదరదని తేలాక కంటి వైద్యం నేర్చుకున్నారు. ఆ వంకర వేళ్ళకు తగ్గట్టు పరికరాలు మలచుకుని, జీవితంలో లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. ప్రభుత్వ ఉద్యోగం నుంచి 58వ ఏట రిటైరై, 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ ఆసుపత్రి మొదలుపెట్టారు. తోబుట్టువులు, వాళ్ళ జీవిత భాగస్వాములు ఆయనతో కలిసి పనిచేశారు, ఇంటి బంగారం తాకట్టు పెట్టారు. డబ్బున్నవాళ్ళు కట్టే రుసుముతోనే లేనివాళ్ళకు ఉచితంగా ఆపరేషను. విదేశీ కటకం వంద డాలర్లు దాటి పలుకుతున్న రోజుల్లో, 1992లో ఆరోలాబ్ పెట్టి దాన్ని పది డాలర్ల దరిదాపుల్లోకి తెచ్చారు. ఆయన 2006 జులై 7న కన్నుమూశారు. ఆసుపత్రి 1997లో కోయంబత్తూరుకు, 2019లో మన తిరుపతికి కూడా వచ్చింది.

పువ్వు గురించి కూడా ఆయన ముందే ఆలోచించారు. పిల్లల కళ్ళలో పువ్వు పడటానికి దెబ్బ అక్కరలేదు, ఎ విటమిన్ లేకపోతే చాలు. ముందు రేచీకటి వస్తుంది, తర్వాత కన్ను పొడిబారుతుంది, చివరికి నల్లగుడ్డే కరిగిపోతుంది. అలాంటి పిల్లలకు తిండి పెట్టి, తల్లులకు వండటం నేర్పి పంపడానికి 1971లోనే మదురై ప్రభుత్వాసుపత్రిలో పోషకాహార కేంద్రం ఏర్పాటు చేయించారు. మునగాకు, బొప్పాయి, గుడ్డు దొరికే ఊళ్ళో పిల్లవాడి కన్ను పోకూడదన్నది ఆయన పట్టుదల.

శుక్లానికి డాక్టరు దగ్గరికి రోగిని తేవడం మార్గమైంది. పుండుకు ఆ మార్గం చాలదు, మందే ఊళ్ళోకి వెళ్ళాలి. నేపాల్‌లోని భక్తపూర్ ప్రాంతంలో సరిగ్గా అదే చేసి చూశారు. గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు కంటి గీతను గుర్తుపట్టడం నేర్పారు. ఫ్లోరెసిన్ అనే రంగు తడిపిన కాగితపు చీలిక కంటికి తాకించి, నీలి వెలుతురు వేస్తే గీత ఉన్నచోట ఆకుపచ్చగా మెరుస్తుంది. అలా తేలినవాళ్ళకు ఒక శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు రోజుకు మూడుసార్లు, మూడు రోజులు వేశారు. మొత్తం 442 మందిలో 424 మందికి పుండు పడకుండానే మానింది. తర్వాత మదురై జిల్లా పల్లెల్లో కూడా ఇలాంటి పరీక్ష జరిగింది. 2006లో ఫలితాలు వచ్చాయి. యాంటీబయాటిక్ ఒక్కటే వేసినవాళ్ళకూ, దానికి బూజుమందు జోడించినవాళ్ళకూ ఒకేలా మేలు జరిగింది. పైచర్మం త్వరగా మూసుకునే వీలు కల్పిస్తే బూజుకు చోటే దొరకదని అర్థమవుతోంది.

అప్పటికే పుండు పడి ఉంటే ఆసుపత్రిలో ఏం చేస్తారో కూడా తెలిసి ఉండటం మంచిది, భయం తగ్గుతుంది. ముందు మత్తుచుక్కలు వేసి, సన్నని పరికరంతో పుండు అంచు గీకి, ఆ పొడిని గాజుపలక మీద పెడతారు. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, బూజయితే కణుపులున్న గడ్డిపోచల్లా దారాలు నిమిషాల్లో కనిపిస్తాయి. అప్పుడు నాటామైసిన్ మొదలుపెడతారు. దక్షిణాఫ్రికాలోని నాటాల్ ప్రాంతపు మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి 1950లలో తీసిన మందు ఇది, పేరు కూడా ఆ ప్రాంతానిదే. పాలలా తెల్లగా ఉంటుంది, అడుక్కి పేరుకుంటుంది, అందుకని ప్రతిసారీ సీసా బాగా కుదిపి వేయాలి. మొదటి రోజుల్లో మెలకువగా ఉన్నంతసేపూ గంటకొక చుక్క. వారాల తరబడి సాగుతుంది. తగ్గిందనిపించి మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

దీనికంటే కొత్తదీ ఖరీదైనదీ అయిన వొరికొనజోల్ మెరుగు కావచ్చని డాక్టర్లు చాలాకాలం ఆశపడ్డారు. తేల్చుకోవడానికి మదురై, పుదుచ్చేరి, కోయంబత్తూరు అరవింద్ ఆసుపత్రుల్లో 2010 నుంచి 323 మంది మీద పోల్చి చూశారు. 2013లో ఫలితం వెలువడింది. పాత నాటామైసిన్ వాడినవాళ్ళకే చూపు మెరుగ్గా వచ్చింది. వొరికొనజోల్ వాడినవాళ్ళలో కార్నియాకు చిల్లు పడటం ఎక్కువైంది. ఫ్యుజేరియం పుండ్లలో తేడా మరీ స్పష్టంగా కనిపించింది. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నాటామైసిన్‌ను అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది. లోకమంతటి డాక్టర్లు ఇప్పుడు నమ్మకంగా ఆ చుక్కలు రాస్తున్నారంటే, ఆ నమ్మకానికి ఆధారం చేలో కన్ను చీరుకున్న ఈ కూలీ జనమే. వాళ్ళకు మనం రుణపడి ఉన్నాం.

కోయంబత్తూరులో కన్ను చీరేది ఆకు ఒక్కటే కాదు. జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి 1937లో మోటారు తయారుచేసిన నాటి నుంచి ఆ ఊరు పంపులకూ పోతపనికీ పెట్టింది పేరు. గ్రైండింగు రాయి మీద ఇనుము పెట్టగానే రవ్వలు లేస్తాయి. ఒకటి వచ్చి కార్నియాలో దిగబడుతుంది. పక్కనున్న స్నేహితుడు రుమాలు కొననో అగ్గిపుల్లనో పెట్టి తీస్తాడు. రవ్వ వచ్చేస్తుంది గానీ, కన్నీటి తడికి గంటల్లోనే ఇనుము తుప్పు పట్టి చుట్టూ గోధుమరంగు వలయం మిగులుతుంది. దాన్ని డాక్టరే తీయాలి. అగ్గిపుల్ల చేసిన గీత ఆ జొన్నాకు చేసిన గీతకు ఏమాత్రం తీసిపోదు. పక్కలు కూడా మూసుండే కళ్ళజోడు పెట్టుకుంటే ఈ రవ్వల్లో చాలావాటిని ఆపవచ్చు. యజమానులు దాన్ని కొనిపెట్టాలి, పెట్టుకునేదాకా మోటారు ఆన్ చేయనివ్వకూడదు. నూర్పిళ్ళ దగ్గర పనిచేసే కూలీలకు కూడా ఇదే వర్తిస్తుంది.

కంట్లో ఏదైనా పడితే రుద్దకండి. శుభ్రమైన నీటితో కడగండి. లోపల గుచ్చుకుని ఉంటే మీరు తీయకండి. పాలు, పసరు, నూనె, షాపువాడు ఇచ్చిన చుక్కలు వేయకండి. గరగర తగ్గినా సరే, దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలోనో కంటి ఆసుపత్రిలోనో చూపించండి. భక్తపూర్ లెక్క గుర్తుపెట్టుకోండి. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు మందు మొదలుపెట్టినవాళ్ళు 284 మంది. వాళ్ళలో ఒక్కరికీ పుండు పడలేదు. 24 గంటలు దాటాక వచ్చినవాళ్ళు 49 మంది, వాళ్ళలో 14 మందికి పడింది. మధ్యాహ్నం రెండింటికి చేలో ఆకు గీసుకుంటే 18 గంటలంటే మర్నాడు పొద్దున ఎనిమిది. వీలైతే ఆ సాయంత్రమే బయలుదేరండి, లేకపోతే తెల్లారగానే మొదటి బస్సెక్కండి.